వాసన నన్ను వాయిదా వేయడమేంటి? 'పుట్ ఆఫ్' సంగతి

మీ ప్రశ్న చూసి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. "పుట్ ఆఫ్ అంటే పోస్ట్‌పోన్ అని కోచింగ్‌లో రాయించారు. మాక్ టెస్టులో 'ద స్మెల్ పుట్ మీ ఆఫ్ మై లంచ్' అని వచ్చింది. వాసన నన్ను వాయిదా వేయడమేంటి? దీనికి ఎన్ని అర్థాలున్నాయి, ఏ సమానార్థకం ఎక్కడ వాడాలి?" అని కదా మీరు అడిగింది. తిరుపతిలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మీరు పడ్డ గుంటలో ప్రతి ఏడూ కనీసం పదిమంది పడటం చూశాను. కాబట్టి కొంచెం తీరిగ్గానే చెబుతాను, టీ తెచ్చుకుని కూర్చోండి.

మీకు తెలివి తక్కువై ఇలా జరగలేదు. 1755లో నిఘంటువు వేసిన శామ్యూల్ జాన్సనే దాని ముందుమాటలో ఈ గోడు వెళ్లబోసుకున్నాడు. మామూలు క్రియకు వెనకాల చిన్న మాట ఒకటి తగిలించి అర్థం మార్చేసే అలవాటు ఇంగ్లీషులో మరీ ఎక్కువని, పరాయి దేశం వాళ్లకు అన్నిటికన్నా కష్టం దీనితోనేనని రాశాడు. కమ్ ఆఫ్, ఫాల్ ఆఫ్, బ్రేక్ ఆఫ్, సెట్ ఆఫ్, టేక్ ఆఫ్ అంటూ ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో 'ఆఫ్' తోకవే బోలెడు.

అసలు చిక్కు 'పుట్ ఆఫ్ = పోస్ట్‌పోన్' అని గీత గీసి రాయించడంలో ఉంది. ఆ గీత చెరిపేయండి. 'ఆఫ్' అంటే ఇక్కడ 'అవతలికి, దూరంగా' అనుకోండి. 'పుట్ ఆఫ్' అంటే అవతలికి నెట్టడం. ఇక చూడాల్సింది ఒక్కటే: అవతలికి పోయింది పనా, మనిషా? పనిని అవతలికి నెడితే వాయిదా. మనిషిని నెడితే వాయిదా కాదు, వేరే కథ. మీ వాక్యంలో ఉన్నది ఇంగ్లీషు 'మీ' (నన్ను), అంటే మనిషి. వాసన మిమ్మల్ని అన్నం దగ్గర్నుంచి అవతలికి నెట్టింది. అన్నం సయించలేదన్నమాట. అంతే.

ముందు పని సంగతి చూద్దాం. పరీక్షల్లో ఎక్కువగా వచ్చేది ఇదే, ఎక్కువగా తప్పు చేసేదీ ఇక్కడే.

'పోస్ట్‌పోన్'లో 'పోస్ట్' అంటే లాటిన్‌లో 'తర్వాత', 'పోన్' అంటే 'పెట్టడం'. తర్వాత పెట్టడం. అర్థంలో 'పుట్ ఆఫ్'కు దీనికీ తేడా లేదు, బట్టల్లోనే తేడా. 'పుట్ ఆఫ్' ఇంట్లో కట్టుకునే లుంగీ, 'పోస్ట్‌పోన్' ఆఫీసుకు వేసుకునే ప్యాంటు. స్నేహితుడితో మాట్లాడేటప్పుడు 'లెట్స్ పుట్ ఇట్ ఆఫ్' అంటారు, నోటీసు బోర్డు మీద 'ద ఎగ్జామ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్' అని పెడతారు.

దీన్ని 'కాల్ ఆఫ్'తో కలిపేసేవాళ్లు చాలామంది. 'కాల్ ఆఫ్' అంటే రద్దు. మా పాత విద్యార్థి ఒకడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ చెల్లెలి పెళ్లికి సెలవు అడిగాడు. ఇంతలో దాయాదుల ఇంట్లో మైల వచ్చి ముహూర్తం జూన్‌కు మార్చారు. వీడు మేనేజరుకు 'మై సిస్టర్స్ మ్యారేజ్ ఈజ్ కాల్డ్ ఆఫ్ టు జూన్' అని మెయిల్ పెట్టాడు. ఆ మేనేజరు జూన్ సంగతి చూడనే లేదు. 'కాల్డ్ ఆఫ్' దగ్గరే ఆగిపోయి, బాధపడకండి, కుటుంబానికి మా సానుభూతి అని జవాబిచ్చాడట. మన తెలుగులో ఈ రెండూ ఎవరూ కలపరు. పెళ్లి వాయిదా పడటం వేరు, సంబంధం తప్పిపోవడం వేరు. ఇంగ్లీషులో ఆ తేడా మోసేది 'పుట్', 'కాల్' అనే చిన్న మాటలే కాబట్టి జారిపోతాం.

ఇది గుర్తుండాలంటే 2020ని తలుచుకోండి. ఆ ఏడాది జరగాల్సిన టోక్యో ఒలింపిక్స్ 2021 జులైకి వాయిదా పడ్డాయి. అది 'పుట్ ఆఫ్'. అదే ఏడాది వింబుల్డన్ అసలు జరగనే లేదు. అది 'కాల్డ్ ఆఫ్'. మన ఊళ్లోనే మూడోది కూడా ఉంది. ఆ మార్చిలో తిరుమలలో భక్తులకు దర్శనం ఆపేశారు, స్వామివారికి కైంకర్యాలు మాత్రం ఏకాంతంగా జరిగాయి, జూన్‌లో మళ్లీ దర్శనానికి వదిలారు. దీన్ని 'పుట్ ఆఫ్' అనరు, 'కాల్ ఆఫ్' అనరు. నడుస్తున్నదాన్ని కొన్నాళ్లు నిలిపితే 'సస్పెండ్'. ఉద్యోగిని సస్పెండ్ చేయడం ఒక్కటే మనకు తెలుసు గానీ, బస్సు సర్వీసునూ, దర్శనాన్నీ కూడా సస్పెండ్ చేస్తారు.

ఇక 'డిలే'. తిరుపతి రావాల్సిన రైలు రెండు గంటలు ఆలస్యమైతే అది 'డిలేడ్', 'పోస్ట్‌పోన్డ్' కాదు. రేణిగుంటలో పొగమంచు పట్టి విమానం దిగలేకపోతే అదీ 'డిలేడే'. ఎవరో కూర్చుని నిర్ణయించి కొత్త తేదీ వేస్తే పోస్ట్‌పోన్, దానంతట అది వెనకపడితే డిలే. అయితే మనిషి కావాలని ఆలస్యం చేసినప్పుడూ 'డిలే' వాడొచ్చు. అందుకే పరీక్షలో 'పుట్ ఆఫ్'కు ఆప్షన్లలో పోస్ట్‌పోన్, డిలే రెండూ ఉంటే మొదటిదే పెట్టండి. పోస్ట్‌పోన్ లేకపోతే డిలేతో సర్దుకోవచ్చు.

'డిఫర్' అనేది డబ్బుల దగ్గరా కాగితాల దగ్గరా ఎక్కువ. కరోనా కాలంలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన మారటోరియం గుర్తుందా? మార్చి నుంచి ఆగస్టు దాకా ఈఎంఐలు కట్టకుండా వెనక్కి జరుపుకోవచ్చన్నారు. ఆ జరపడం 'డిఫర్'. బ్యాంకు పరీక్ష రాసేవాళ్లకు ఈ మాట తప్పకుండా తెలియాలి. తెలుగులో రాస్తే 'తేడాగా ఉండు' అనే 'డిఫర్', 'వెనక్కి జరుపు' అనే 'డిఫర్' ఒకేలా కనిపిస్తాయి. రెండూ ఒకే లాటిన్ తల్లి బిడ్డలే. పలికేటప్పుడు మొదటిదానికి ముందక్షరం మీద, రెండోదానికి వెనకక్షరం మీద ఊనిక పడుతుంది. 'డిఫర్ టు' అంటే మళ్లీ వేరు. పెద్దవాళ్ల మాటకు తలొగ్గడం.

'అడ్జర్న్' కోర్టుకూ సభకూ చెందిన మాట. ఇది నాకు భలే ఇష్టమైన మాట. దీని లోపల ఫ్రెంచి వాళ్ల 'రోజు' అనే మాట దాక్కుని ఉంది. ఫలానా రోజుకు అని చెప్పి లేవడం. చిత్తూరు కోర్టు దగ్గర టీ బంకులో కూర్చుంటే వినబడే 'వాయిదా' కూడా అలాంటిదే. అది ఉర్దూ మీదుగా మనకు వచ్చింది, మూలంలో దాని అర్థం మాట ఇవ్వడం, గడువు పెట్టడం. అందుకే సులభ వాయిదాల్లో ఫ్రిజ్ కొంటాం, కోర్టులో వాయిదాకు పోతాం, పరీక్ష వాయిదా పడిందంటాం. మూడు చోట్లా ఒకే మాట, ఇంగ్లీషులో మాత్రం ఇన్‌స్టాల్‌మెంట్, హియరింగ్, పోస్ట్‌పోన్‌మెంట్ అని మూడు. తెలుగులోంచి తిప్పేటప్పుడు ఇక్కడ జాగ్రత్త. ఇక శాసనసభను 'సైన్ డై' అడ్జర్న్ చేశారంటే మళ్లీ ఎప్పుడో తేదీ చెప్పకుండా లేచారని. పేపరు వాళ్లు నిరవధిక వాయిదా అని రాసేది దాన్నే. ఆ తర్వాత గవర్నరు ఆ సమావేశాలను ముగిస్తే అది 'ప్రొరోగ్'. పాలిటీ చదివేవాళ్లకు రాజ్యాంగం 174వ అధికరణలో తగులుతుంది.

'షెల్వ్' అంటే అల్మారాలో పెట్టేయడం. దీనికి నిఘంటువు అక్కర్లేదు, మన 'అటకెక్కించడం' అచ్చంగా అదే. ఫ్లైఓవరు పథకం అటకెక్కిందంటే 'షెల్వ్డ్'. పేరుకు రద్దు కాదు, కానీ దాని మీద ఎవరికీ ఆశ ఉండదు. 'టేబుల్' అనే మాటతో మాత్రం పేచీ ఉంది. బ్రిటన్‌లో తీర్మానాన్ని 'టేబుల్' చేశారంటే చర్చకు పెట్టారని, అమెరికాలో పక్కన పెట్టేశారని. మనం బ్రిటిష్ దారిలోనే ఉన్నాం.

'ప్రోక్రాస్టినేట్' లేకుండా ఈ జాబితా పూర్తి కాదు. ఇందులో 'క్రాస్' అంటే లాటిన్‌లో 'రేపు'. రేపు, రేపు అంటూ పోవడం. తెలుగులో దీనికి తాత్సారం అనొచ్చు గానీ, 'నాన్చడం'లో ఉన్న ప్రాణం అందులో లేదు. ఒక పట్టింపు ఉంది: మీటింగును ప్రోక్రాస్టినేట్ చేశారు అనకూడదు. ఆ మాట మనిషి స్వభావానికి గానీ, మీటింగు తేదీకి కాదు. 'హీ కీప్స్ ప్రోక్రాస్టినేటింగ్' అంటే సరి.

'పోస్ట్‌పోన్'కు ఎదురుమాట అడుగుతారు కాబట్టి అదీ చెప్పేస్తాను. 'ప్రీపోన్', అంటే తేదీని ముందుకు జరపడం, మన దేశపు మాట. ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది, సిగ్గుపడక్కర్లేదు. కానీ బయటి దేశం వాళ్లకు మెయిల్ రాసేటప్పుడు 'బ్రింగ్ ఫార్వర్డ్' అనండి. బ్రిటిష్ వాళ్లు వెనక్కి జరపడాన్ని 'పుట్ బ్యాక్' అని కూడా అంటారు.

ఇప్పుడు మనిషి దగ్గరికి వద్దాం. నాకు అసలు మజా ఇక్కడే.

మా చిన్నప్పుడు పల్లెల్లో తలుపుల మీద, గోడల మీద బొగ్గుతో 'రేపు రా' అని రాసేవాళ్లు. రాత్రిపూట దెయ్యం వచ్చి, అది చదువుకుని, సరే రేపొద్దామని వెళ్లిపోతుందట. మర్నాడు వచ్చినా అదే రాత. ఆ దెయ్యానికి చదువు రావడం ఒక వింత, లెక్క రాకపోవడం ఇంకో వింత అనుకోండి. మనిషిని 'పుట్ ఆఫ్' చేయడమంటే సరిగ్గా ఇదే. తేదీని కాదు, వచ్చినవాణ్ణి వెనక్కి పంపడం. కిరాణా కొట్లో 'నేడు నగదు, రేపు అప్పు' బోర్డు ఉంటుందే, దాని పనీ అదే. నేను రిటైరయ్యాక ఒక కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు నెలలు తిరిగాను. సారు లేరు, సంతకం కాలేదు, సోమవారం రండి. 'దే కెప్ట్ పుటింగ్ మీ ఆఫ్.' వాళ్లు వాయిదా వేసింది నా పనినే కదా అంటారేమో. నిజమే, కానీ ఇంగ్లీషు అక్కడ నన్ను పట్టుకుంది, నా కాగితాన్ని కాదు. తెలుగులో 'తిప్పించుకోవడం' అంటామే, ఆ మాటలోనూ తిరిగేది మనిషే. ఇక్కడ సమానార్థకం 'పోస్ట్‌పోన్' పెట్టారో, మార్కు పోయినట్టే. 'స్టాల్' అనొచ్చు, 'ఫాబ్ ఆఫ్' అనొచ్చు. 'ఫాబ్ ఆఫ్' అంటే ఏదో ఒక సాకు చేతిలో పెట్టి పంపేయడం.

రెండోది మీ వాక్యం. మనసును దూరంగా నెట్టడం. తెలుగులో సందర్భాన్ని బట్టి వెగటు పుట్టడం, సయించకపోవడం, మనసు విరిగిపోవడం, వెనకాడటం, ఇన్ని రకాలుగా చెప్పుకోవాలి. ఒక్క మాటతో కుదరదు. హైదరాబాదు నుంచి మా ఇంటికి వచ్చిన కోడలు మొదటిసారి రాగి సంగటి చూసి కంచం ముందు బిక్కమొహం వేసింది. ముద్ద నల్లగా ఉంది, నమలకూడదు, మింగాలి అంటున్నారు. మా ఆవిడ 'దాని రంగు చూసి జంకొద్దమ్మా, ఊరిబిండి అద్దుకుని ఒక ముద్ద తిను' అంది. ఆ 'రంగు చూసి జంకొద్దు' ఉందే, 'డోంట్ బి పుట్ ఆఫ్ బై ద కలర్' అంటే అదే. (ఇప్పుడు ఆ అమ్మాయి నాటుకోడి పులుసుతో రెండు ముద్దలు లాగిస్తుంది.) ఇలా జంకించే లక్షణం ఉన్నదాన్ని 'ఆఫ్-పుటింగ్' అంటారు. పరీక్షలో ఈ విశేషణం కూడా వస్తుంది.

ఈ అర్థానికి సమానార్థకాలు ఒక మెట్ల వరస లాంటివి. ఉత్సాహం తగ్గిస్తే 'డిస్కరేజ్'. చేయబోయేవాణ్ణి భయం చూపి ఆపితే 'డిటర్'. మాటలతో నచ్చజెప్పి మానిపిస్తే 'డిస్వేడ్'. దగ్గరికి రానివ్వనంత వెగటైతే 'రిపెల్'. వాంతి వచ్చేంతయితే 'డిస్గస్ట్'. 'పుట్ ఆఫ్' వీటన్నిటి మధ్యలో ఎక్కడో కూర్చుని పక్కవాక్యం చూసి పైకో కిందికో కదులుతుంది. 'లా చదవాలనుకున్నాడు గానీ, మామయ్య చెప్పిన కోర్టు కథలు విని మనసు విరిగిపోయింది' అంటే 'హిజ్ అంకుల్స్ స్టోరీస్ పుట్ హిమ్ ఆఫ్ స్టడీయింగ్ లా'. ఇక్కడ 'డిస్గస్ట్' పెడితే పాపం మామయ్యను అవమానించినట్టు. 'డిస్వేడ్' కూడా అంత సరిపోదు, మామయ్య మానిపించాలని చెప్పలేదు కదా. 'డిస్కరేజ్' సరిపోతుంది.

మూడోది ఏకాగ్రత చెడగొట్టడం. బ్రిటిష్ వాళ్ల నోట ఎక్కువ. బౌలరు పరిగెత్తుకొస్తుంటే స్లిప్‌లో నిలబడ్డవాడు ఏదో గొణుగుతాడు, బ్యాట్స్‌మన్ చూపు చెదురుతుంది. పరీక్ష హాల్లో ఇన్విజిలేటరు చెప్పులు కిర్రుకిర్రుమంటుంటే మీకు లెక్క తప్పుతుంది. 'స్టాప్ ఇట్, యూ ఆర్ పుటింగ్ మీ ఆఫ్!' ఇక్కడ సమానార్థకం 'డిస్ట్రాక్ట్'.

నాలుగోది బండిలోంచి దింపడం. టికెట్టు తీసుకోనివాణ్ణి కండక్టరు అలిపిరి దగ్గరే దింపేస్తే 'పుట్ హిమ్ ఆఫ్ ద బస్'. కోపం లేకుండా మామూలుగా దింపినా వాడతారు గానీ, మనం అలాంటప్పుడు 'డ్రాప్' అంటాం కాబట్టి దీన్ని గుర్తుపడితే చాలు.

మనిషీ కాని, పనీ కాని రెండు వాడుకలు మిగిలాయి. ఒకటి, 'పుట్ ఆఫ్ ద లైట్'. మన దేశంలో ఇది అందరూ అంటారు, నేనూ క్లాసులో అన్నాను. పరీక్షలో మాత్రం 'స్విచ్ ఆఫ్' గానీ 'టర్న్ ఆఫ్' గానీ పెట్టండి. దీపం ఆర్పడం, మంట ఆర్పడం 'పుట్ అవుట్'. మన 'ఆపు'కూ వాళ్ల 'ఆఫ్'కూ చుట్టరికం ఏమీ లేదు. అయినా 'లైటు ఆపు', 'లైటు ఆఫ్' ఎంత దగ్గరగా వినబడతాయో! ఈ తప్పు మనకు తప్పులా అనిపించకపోవడానికి అదీ ఒక కారణమేమోనని నాకు అనుమానం.

రెండోది పాతకాలపు వాడుక: ఒంటి మీదున్నది విడవడం. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, ఇది పవిత్ర స్థలం, నీ చెప్పులు విడువు అని మోషేకు చెప్పే చోట 'పుట్ ఆఫ్ దై షూస్' అని ఉంటుంది. తిరుమలలో చెప్పుల స్టాండు దగ్గర నిలబడిన ప్రతిసారీ నాకు ఆ వాక్యం గుర్తొస్తుంది, ఉపాధ్యాయుడి జబ్బు. ఇప్పుడు దీనికి 'టేక్ ఆఫ్' అంటారు. మీరు రాయకండి, పాత గద్యంలో కనబడితే చెప్పులను వాయిదా వేయకండి.

వ్యాకరణంలో మార్కులు పోయేవి మూడు చోట్ల. 'పుట్ ఆఫ్' తర్వాత క్రియ వస్తే 'ఇంగ్' రూపమే రావాలి: 'హీ పుట్ ఆఫ్ గోయింగ్', అంతేగాని 'పుట్ ఆఫ్ టు గో' కాదు. మనకు 'వెళ్లడానికి' అనే అలవాటు వల్ల 'టు' జారిపడుతుంది. పోస్ట్‌పోన్‌దీ ఇదే నియమం. రెండు, 'ఇట్', 'హిమ్', 'దెమ్' లాంటి సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి: 'పుట్ ఇట్ ఆఫ్'. 'పుట్ ఆఫ్ ఇట్' అని ఎర్రర్ స్పాటింగ్‌లో పెడతారు, పట్టేయండి. మామూలు నామవాచకమైతే మధ్యలో ఉన్నా చివర ఉన్నా వాయిదా అర్థంలో ఒకటే. మూడు, తేదీ చెబితే 'టిల్', ఎంతకాలమో చెబితే 'ఫర్': 'పుట్ ఆఫ్ టిల్ మండే', 'పుట్ ఆఫ్ ఫర్ ఎ వీక్'. 'పుట్'కు భూతకాలంలోనూ 'పుట్' అనే ఉంటుంది, 'పుటెడ్' అని రాసిన పేపర్లు దిద్ది దిద్ది నా ఎర్ర ఇంకు అయిపోయింది.

ఇంతకీ మీ మాక్ టెస్టు ఆప్షన్లు రాయలేదు. 'డిలేడ్ మై లంచ్', 'మేడ్ మీ లూజ్ మై యాపిటైట్' రెండూ అందులో ఉండి, మీరు మొదటిది పెట్టి ఉంటారని నా ఊహ. రెండోది పెట్టాలి. ఆప్షన్లు దగ్గరుంటే పంపండి, మిగతావి ఎందుకు తప్పో కూడా చెబుతాను. సాయంత్రం ఆరు తర్వాతైతే ఖాళీగానే ఉంటాను.